పట్టుకు అంటని పొగ

బాలమణికి మొగుడి ముఖం కన్నా ఆయన ఊపిరే ఎక్కువ తెలుసు. మగ్గం గుంటలో కాళ్లు దింపుకుని కూర్చున్న మనిషి ముఖం ఎప్పుడూ నేత వైపే ఉంటుంది. పక్కన కూర్చున్న ఆలికి కనిపించేవి ఒక చెంప, ఒక చెవి, చెమట పట్టిన మెడ. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ప్రతి వరుసలోనూ నూలు పోగు, పట్టు పోగు ఒకదాని మెడలో ఒకటి చేయి వేసుకున్నట్టు కలవాలి. అందుకే ఆ మగ్గానికి ఇద్దరు కావాలి. పోగును అటూ ఇటూ నడిపే నాడెల్లో నడుమదీ కుడి అంచుదీ మొగుడు దేవరాజువి, ఎడమ అంచుది బాలమణిది. ఆయన ఊపిరి పీల్చినప్పుడు నాడె వదులుతాడు, ఊపిరి విడిచినప్పుడు పేకను దగ్గరికి కొడతాడు. పెళ్లయిన కొత్తలోనే ఆ లయ ఆమె ఒంటికి పట్టింది. కరెంటు పోయి గది చీకటైనా ఆ ఊపిరి వింటూ ఆమె తన నాడెను తప్పకుండా వేయగలదు.

మగ్గం గదిలో నిప్పు ముట్టించరాదు. ఎవరూ నేర్పకుండానే ఆ వాడలో అందరికీ తెలిసిన కట్టుబాటు అది. ఒక్క నిప్పురవ్వ పట్టు మీద పడిందంటే ఎన్ని రోజుల కష్టమైనా చిల్లు పడినట్టే. బీడీ పొగ తగిలితే తెల్ల నూలు పసుపు తిరుగుతుంది. దేవరాజుకు బీడీ కావాలంటే గుంటలోంచి లేవాలి, గడప దాటాలి, వీధి అరుగు మీద కూర్చోవాలి. ఆయన తిరిగి వచ్చేదాకా బాలమణి నాడె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"వచ్చినవా మారాజా? పోగులు నీకోసం పరేషాన్ అయితున్నయి" అనేది.

"ఉండనీ. నేను లేకుంటే వాటికి బతుకున్నదా?" అంటూ ఆయన మళ్లీ గుంటలోకి దిగేవాడు.

రెండువేల ఎనిమిది వానాకాలంలో ఆ దిగడమే కష్టమైంది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, ఆ తర్వాత ఊపిరి లోపల ఎవరో తడిసిన గుడ్డను నెమ్మదిగా చింపుతున్నట్టు ఒక చప్పుడు. వాన తగ్గాక ఇద్దరూ కర్నూలు పోయి అక్కడి ఛాతీ డాక్టరుకు చూపించుకున్నారు. ఆయన ఫోటో తీయించి, గొట్టంలోకి ఊదించి, కాగితం పక్కన పెట్టి దేవరాజు వైపు చూశాడు.

"ఊపిరితిత్తులు సగం పైగా పోయినాయి పెద్దాయనా. పోయినవి తిరిగి రావు. ఈ పొద్దు బీడీ మానేస్తే ఉన్నవి ఉంటాయి. నేనిచ్చే మందులు దాని తర్వాతే."

తిరుగు బస్సు తుంగభద్ర వంతెన ఎక్కినప్పుడు దేవరాజు జేబులోని బీడీ కట్టను కిటికీలోంచి నీళ్లలోకి విసిరాడు. బాలమణి చూసింది. మాట అంటే ఆ క్షణం ఎక్కడ చెదిరిపోతుందోనని భయపడింది.

ఆ చలికాలం వాళ్లిద్దరూ ఒక పసిబిడ్డను సాకినట్టు ఆయన మానడాన్ని సాకారు. ఆయన చేతులు వణికేవి. అన్నం కంచం తోసేసేవాడు. కారణం లేకుండా ఆమె పుట్టింటివాళ్లను తిట్టేవాడు, తిట్టిన కాసేపటికి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకునేవాడు. ఆమె ఆయన నోట్లో లవంగం పెట్టేది, బెల్లం ముక్క పెట్టేది. ఏదీ పనిచేయని పూట చేయి పట్టుకుని గద్వాల కోట గోడ వెంబడి నడిపించేది. దారిలో ఎవరైనా బీడీ ముట్టిస్తే ఇద్దరూ అడుగు తొందరగా వేసేవారు. మాఘం వచ్చేసరికి చేతుల వణుకు పోయింది. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం నాడె వేస్తూ ఆమె ఉన్నట్టుండి ఆగింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"ఏం లేదు. నీ శ్వాస సప్పుడు జేస్తలేదు. ఉన్నవా లేవా అని సూసిన" అంది.

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారకుండా నవ్వుగానే ముగిసింది. బాలమణి బతుకులో సంతోషం అని వేలు పెట్టి చూపించగల పూట ఏదైనా ఉందంటే అదే.

ఎండాకాలంలో ఆమె తమ్ముడు జగదీశ్ వచ్చాడు. భివండీలో మరమగ్గాల మీద పనిచేసే జగదీశ్ అమరచింతలో ఒక పెండ్లికి వచ్చి, అక్కను చూసిపోదామని గద్వాల బస్సెక్కాడు.

"ఏంరా బామ్మర్దీ, మరమగ్గం నిన్ను ఇడిసిపెట్టిందా?" అన్నాడు దేవరాజు.

"మరమగ్గం ఇడుస్తది బావా, మా మేస్త్రి ఇడువడు. నువ్వే బీడీ ఇడిసినవంట గద. అక్క ఫోన్ల చెప్పుకుంట ఏడ్సింది."

"ఏడ్సిందా, నవ్విందా?"

"నీతోని కాపురం జేసెటోల్లకు రెండూ ఒకటే."

జగదీశ్ సంచిలోంచి ఒక అట్టపెట్టె తీశాడు. లోపల దూది లాంటి మెత్తటి దాని మీద తెల్లని గొట్టం ఒకటి, సిగరెట్టంత పొడవుది. పక్కన ఒకటి అయిపోతే ఇంకొకటి తగిలించే చిన్న చిన్న గొట్టాలు కొన్ని, కరెంటు పెట్టే తీగ ఒకటి. పెట్టె మీద ఏవో రాతలున్నాయి. అవి ఏ భాషవో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"కరెంటు సిగిరెట్టు. మానినోల్లకే ఇది. పొగాకు లేదు, నిప్పు లేదు, ఉత్త ఆవిరి. జలుబైతే ముసుగేస్కొని పడుతం గద, గట్లనే."

"మానినోనికి మల్ల ఎందుకురా?" అంది బాలమణి.

"నోరు ఊకుంటదా అక్కా? ఎవడన్న ముట్టిస్తే బావ సూపు అటే గుంజుతది. ఒకనాడు కాకుంటె ఒకనాడు జారుతడు. ఇదుంటె జారడు. బొంబైల సేట్లందరు దీనిమీదనే ఉన్నరు. మా గల్లీల ఒకాయన దీంతోనే దగ్గు పోయిందన్నడు."

దేవరాజు దాన్ని వేళ్ల మధ్య పెట్టుకుని చూశాడు. ఎన్నో నెలలుగా ఖాళీగా ఉన్న ఆ రెండు వేళ్లు ఎడంగా జరిగి దానికి చోటిచ్చిన తీరు బాలమణి కంటపడింది. ఆయన గుంజగానే కొసన ఎర్రగా వెలిగింది. ఆమె ఉలిక్కిపడి మగ్గం వైపు చూసింది.

"నిప్పు లేదంటివి?"

"అది లైటు అక్కా. ముట్టి సూడు."

ఆమె ముట్టలేదు. లోపలికి పోయి మగ్గం కింద రాలిన తెల్లటి పట్టు పోగులు కొన్ని తెచ్చింది. వాటిని ఆ ఎర్రటి కొసకు ఆనించి పట్టుకుంది. నిజమైన నిప్పయితే పట్టు ముడుచుకుని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. అసలు పట్టేదో నకిలీ ఏదో ఆ వాడలో తేల్చేది అలాగే. పోగు ముడుచుకోలేదు. తర్వాత దేవరాజును పోగుల మీదికి ఊదమంది. తెల్లటి ఆవిరి వాటిని చుట్టుకుని, కాసేపు నిలిచి, మాయమైంది. ఆమె పోగులను వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురులో చూసింది. పసుపు తిరగలేదు. ముక్కుకు ఆనించుకుంది. సోంపు మిఠాయిలాంటి సన్నని తీపి వాసన, అది కూడా చూస్తుండగానే పోయింది.

"పట్టుకు అంటలేదు. పట్టుకు అంటనిది పానానికి ఏం అంటుతది" అంది.

ఆ తీర్పు ఆమెదే. పట్టు కన్నా సున్నితమైనదాన్ని బాలమణి చేతులు ఎన్నడూ పట్టుకోలేదు. మనిషి లోపల అంతకన్నా పలుచని పొర ఒకటి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అలా ఆ తెల్ల గొట్టం మగ్గం గదిలోకి వచ్చింది. నిప్పు కాదు కనుక కట్టుబాటు దాన్ని ఆపలేదు. దేవరాజుకు ఇక గుంటలోంచి లేవాల్సిన పని లేకపోయింది. ఎడమ చేయి ఖాళీ అయినప్పుడల్లా గొట్టం నోటికి పోయేది. కొస ఎర్రగా వెలిగేది, పడుగు మీద తెల్లని మబ్బు ఒకటి పరుచుకుని పోగుల సందుల్లోంచి కిందికి జారిపోయేది. బాలమణికి మొదట్లో అది అందంగానే కనిపించింది. చీరలు ముందుకన్నా తొందరగా దిగుతున్నాయి. పట్టు, జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు కూడా ఆ మాట అన్నాడు.

బీడీకి ఒక కొస ఉంటుంది. అది కాలి కాలి వేళ్లకు చురుక్కుమని తగిలి, ఇక చాలని చెబుతుంది. దీనికి కొస లేదు. పొద్దున ఎప్పుడు మొదలయ్యేదో, పొద్దుగూకి ఎప్పుడు ఆగేదో ఎవరూ గమనించలేదు. ఆయన కూడా గమనించలేదు.

వాడలో దాన్ని చూడటానికి జనం వచ్చారు. ఎదురింటి కిష్టమ్మ మనుమణ్ణి చంకనేసుకుని వచ్చి గడపలో కూర్చునేది.

"ఏం వదినె, అన్న సినిమాల హీరో లెక్క గుంజుతుండు."

"హీరో గాడు, ముసలి ఇలన్."

"మా ఆయనకు గూడ తెప్పియ్యరాదు మీ తమ్మునితోని. నిప్పు లేనిదాంట్ల నిషా ఎట్లుంటదంటడు మా ఆయన. నిషా లేనిది మంచిదే గదయ్యా అంటె, గట్లయితె నాకెందుకంటడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కిష్టమ్మ చంకలోని పిల్లవాడు ముక్కు చీదాడు.

"వీనికి జలుబు పట్టి రొండు దినాలాయె. అన్నా, జర ఇటు ఊదరాదు. ఆవిరే గదా."

దేవరాజు బాలమణి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన పిల్లవాడి ముఖం మీదికి నెమ్మదిగా ఊదాడు. వాడు కళ్లు మూసుకుని, ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. తెమడ కదిలిందని ముగ్గురూ సంతోషపడ్డారు. పిల్లవాడికి ఏమీ కాలేదు, జలుబు తగ్గాల్సిన వేళకు తగ్గింది. కానీ ఆ ముఖం, మూసుకున్న ఆ చిన్న కళ్లు తరువాత చాలా రోజులు బాలమణికి గుర్తొచ్చేవి.

వానలు పడ్డాక ఊపిరి మారింది. ఆమె చెవి దాన్ని ముందే పట్టుకుంది. పీల్చడానికీ విడవడానికీ మధ్య ఒక చిన్న తడబాటు, మెట్టు దిగబోయి మెట్టు లేదని తెలిసిన పాదంలాగా. ఆ తడబాటుతో ఆమె నాడె కూడా తడబడింది. అంచు దగ్గర పోగులు వదులుగా కలుస్తున్నాయి. షావుకారు చీర మడత విప్పి, అంచును బొటనవేలితో రుద్ది చూసి, మళ్లీ మడత పెట్టాడు.

"మల్ల సప్పుడు జేస్తున్నది నీ ఎద" అంది ఆమె ఒక పూట.

"వానకాలం. నూలు దూది. ఇరువై ఏండ్ల సంది మింగుతున్న దూది ఒక్క ఏడాదిల పోతదా? బీడీ తాగుతున్ననా నేను?"

తాగడం లేదు. ఆ మాట నిజం. ఆ నిజాన్ని పట్టుకుని ఆమె తన చెవి విన్నదాన్ని పక్కన పెట్టింది. దసరా దాటాక కర్నూలు పోయి చూపించుకోవాల్సి ఉంది. దసరా దాటిన వెంటనే తుంగభద్ర పొంగి కర్నూలు ఊళ్లోకి వచ్చింది. ఇళ్ల మీదికి నీళ్లెక్కాయని, దుకాణాలన్నీ బురదైపోయాయని టీవీలో చూశారు. నీళ్లు తీశాక పోదామనుకున్నారు. నీళ్లు తీశాయి. దీపావళి వెళ్లింది. బీడీ మానినోనికి మల్ల డాక్టరెందుకని దేవరాజు అన్నాడు, బాలమణి కూడా గట్టిగా అడగలేదు.

కార్తీకంలో గొట్టం ఆరిపోయింది. జగదీశ్ రెండు మార్లు ఎవరిచేతనో పంపిన చిన్న గొట్టాలన్నీ అయిపోయాయి. ఆమె తమ్ముడికి ఫోను చేసింది.

"అమ్మెటోడు ఆ సందుల లేడక్కా. ఇంక యాడ దొరుకుతయో దేవులాడుత. జర ఓపిక పట్టుమను బావను. ఆవిరి లేకుంటె మనిషి ఉండలేడా ఏంది?"

ఆయన ఉండలేకపోయాడు. మొదటి పూట ఖాళీ గొట్టాన్నే గుంజాడు. రెండో పూట దాన్ని విప్పి లోపలి దూదిని నాలుకకు రాసుకున్నాడు. మరునాడు నాడె చేతిలోంచి జారింది. నడుమ పోగులు పుటుక్కున తెగాయి. అతికిద్దామని ఆమె వంగితే ఆయన ఆమె చేతిని తోసేశాడు.

"నువ్వు సక్కగ ఏస్తె ఎందుకు తెగుతది? మీ అమ్మ నీకు నేర్పిన పని గిదేనా?"

ఆమె తల ఎత్తి చూసింది. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు ఆమెకు తెలుసు. ఆ కళ్ల ఎరుపు తెలుసు, పుట్టింటి మీద పడే ఆ తిట్టు తెలుసు. పోయిన చలికాలం మొత్తం చేయి పట్టుకుని ఊరి చివరి దాకా నడిపించి, ఇక పోయిందనుకుని సాగనంపిన వణుకు అది. ఇంటి లోపలికి ఎప్పుడు వచ్చింది, ఏ దారిన వచ్చింది, ఇన్నాళ్లూ తన పక్కనే ఎలా కూర్చుంది?

"అది ఉత్త ఆవిరైతె నీకు గిట్ల ఎందుకయితున్నదయ్యా?" అంది నెమ్మదిగా.

గుంట అంచు పట్టుకుని లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. గడప దాటి వీధిలోకి పోయాడు. కాసేపటికి కిష్టమ్మ ఇంటి వైపు నుంచి బీడీ వాసన వచ్చింది. బాలమణి తెగిన పోగుల కొసలు రెండూ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

పుష్యమాసం చలిలో ఆయన పెదవులు నీలంగా తిరిగాయి. అప్పుడు కర్నూలు పోయారు. వరద పోయి నెలలు గడిచినా గోడల మీద నీటి గీత అలాగే ఉంది. అదే డాక్టరు మళ్లీ ఊదించాడు. ఊదడం మధ్యలోనే ఆపి దేవరాజు బల్ల మీదికి ఒరిగాడు.

"మానలేదు కదా?" అన్నాడు డాక్టరు.

"మానిండు సారు. ఉగాది దాకా నోట్ల పెట్టలేదు. తర్వాత గిది..." అని బాలమణి గొట్టాన్ని, దాని పెట్టెను బల్ల మీద పెట్టింది. "ఉత్త ఆవిరన్నరు. మానినోల్లకు మంచిదన్నరు. మల్ల ఇది అయిపోయినంక బీడీ మొదలువెట్టిండు."

డాక్టరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పెట్టె మూలన ఉన్న సన్నని ఇంగ్లీషు అక్షరాలు చదివాడు.

"దీని గురించి నేనూ చదివిందే, మనిషి చేతిలో చూడటం ఇదే మొదలు. పొగాకు ఆకు లేదమ్మా, కానీ ఆకులో ఉండే మత్తు మందు ఇందులో పోసినారు. ఇక్కడ రాసి ఉంది. బీడీని వదలనీయకుండా పట్టుకునేది అదే. నీళ్ల ఆవిరి కాదు ఇది."

"నిప్పు లేదు గద సారు."

"నిప్పు లేదు. కాలిన బూడిద, మసి ఉండవు, అంతవరకు బీడీ కన్నా తక్కువ చెడ్డదేమో. బీడీ తాగేవాడు దీనికి మారితే ఒక కథ. మీ ఆయన అప్పటికే మానినాడు. మానిన మనిషికి మళ్లీ అదే మత్తు పట్టించినారు." ఆయన గొట్టాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు. "ఈ ఆవిరి ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో నాకు తెలీదు. తెలిసినట్టు చెబితే అబద్ధమవుతుంది. ఈయనకున్నది కొంచెం. ఆ కొంచెంలో పరీక్షలు చేసుకునే చోటు లేదు."

బాలమణి గొట్టాన్ని తీసి కొంగులో ముడి వేసుకుంది. బల్ల మీద అది ఉంటే అందరూ తనను చూస్తున్నట్టు అనిపించింది.

"ఇప్పుడు మానితే?" అంది.

"ఇప్పుడు మానినా మిగిలింది మిగులుతుంది. పోయినసారి అంత కాదు. కానీ మానాలి. ఇదీ వద్దు, అదీ వద్దు."

ఆ తర్వాత దేవరాజు గుంటలోకి దిగలేదు. దిగితే ఎక్కలేడు. షావుకారు మనిషి వచ్చి మిగిలిన పట్టు, జరీ తీసుకుపోయాడు. నేత సగంలో ఉన్న చీర అలాగే మగ్గం మీద ఉండిపోయింది. బాలమణి వేరే ఇళ్ల మగ్గాలకు నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టే పని పట్టుకుంది. ఒక్క మనిషితో అయ్యే పని అదే. ఆయన పగలంతా వీధి అరుగు మీద గోడకానుకుని కూర్చునేవాడు. ఊపిరి ఆడటానికి డాక్టరు ఇచ్చిన నెబ్యులైజరు మందు పీల్చినప్పుడు కాసేపు ముఖం తేటపడేది. మందు అయ్యాక చూపు వీధిలో పోయేవాళ్ల వేళ్ల మీదికి పోయేది.

మాఘంలో జగదీశ్ వచ్చాడు. సంతోషంగా వచ్చాడు. అరుగు ఎక్కుతూనే సంచిలోంచి పెట్టె తీశాడు.

"దొరికినయి బావా. దేవులాడి దేవులాడి పట్టుకొచ్చిన. ఏడాదికి సరిపోతయి."

దేవరాజు చేయి ముందుకు వచ్చింది. ఆయన ముఖం ఇంకా బావమరిదిని పలకరించలేదు, చేయి మాత్రం వచ్చేసింది. బాలమణి లోపలి నుంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, డాక్టరు చెప్పిందంతా చెప్పింది. గొంతు పెంచలేదు. జగదీశ్ వింటూ వింటూ అరుగు అంచున కూర్చుండిపోయాడు.

"నాకు తెల్వదక్కా" అన్నాడు చివరికి. "మంచిదని తెచ్చిన."

"నీకు తెల్వదు. నాకూ తెల్వదు. తెల్వనిదాన్ని నేను తెలిసినట్టు పట్టి సూసిన. నిన్నేమంట."

"పారేయనా మరి?"

"నీ సంచిల పెట్టుకోని పో. ఈడ పారేస్తె ఈయన దేవులాడుకుంటడు."

ఆ మాటకు దేవరాజు నవ్వాడు. నవ్వుకు ఊపిరి చాలక, ఛాతీ పట్టుకుని కాసేపు ఆగాడు.

"ఒక్కపారి మానిన బాలమణీ" అన్నాడు తర్వాత, ఒక్కో మాటకూ ఆగుతూ. "నువ్వు సూసినవు గద. అంత బలం ఎక్కడ్నుంచి వచ్చెనో. అది ఒక్కపారికే ఉండె నాకు."

జగదీశ్ అన్నం తినకుండానే సంచి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు. దేవరాజు చూపు ఆ సంచి వెంట వీధి మలుపు దాకా పోయింది. సంచి కనబడకుండా పోయాక కూడా ఆయన అటే చూస్తున్నాడు. బాలమణి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"కిష్టమ్మ ఇంటికి పోయి ఒక్కటి అడిగి తే" అన్నాడు. "ఒక్కటే."

ఆమె లేవలేదు. తేనని కూడా అనలేదు. ఎండ అరుగు మీంచి దిగి, వీధి దాటి, ఎదురింటి గోడ ఎక్కింది. ఆయన మళ్లీ అడగలేదు. అడగకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడుతున్నాడో, పొద్దు గుంకేదాకా ఆమె పక్కన కూర్చుని చూసింది.